కుండీలో ఒక్క మొక్కే కదా అన్నా, అన్నాడు

(మొన్న మండల కేంద్రంలో యువత సమావేశంలో నేను మాట్లాడిన మాటలు. రాసి పెట్టమని చాలామంది అడిగారు. చదవడానికి వీలుగా అక్కడక్కడ సరిచేశాను, అంతే.)

 

కొన్నాళ్ల కిందట మా ఊరి తమ్ముడొకడు నాకు ఒక వీడియో చూపించాడు. వాడు డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఆ వీడియోలో కెనడాలో ఒకాయన, ఇంట్లోనే, గుడ్డ గుడారం లాంటి దాంట్లో లైట్లు పెట్టి గంజాయి మొక్కలు పెంచుతున్నాడు. యూరియా వెయ్యడట. ఆకు చెత్త, వానపాముల ఎరువు, కుళ్లిన కట్టె పొడి కలిపి మట్టి తయారు చేస్తాడు. దానికి 'బతికున్న మట్టి' అని పేరు పెట్టుకున్నాడు. ఏ మొక్కని ఏ మొక్కతో కలిపితే ఎలాంటి విత్తనం వచ్చిందో నోటుబుక్కులో రాసుకుంటున్నాడు. లక్షల మంది చూశారు.

మా తమ్ముడు నవ్వుతూ, "అన్నా, ఇది మన అమ్మమ్మలు చేసే పనే కదా. ఆయన చేస్తే ఆర్గానిక్, మనం చేస్తే కేసా? పొలం కాదు, కుండీలో ఒక్క మొక్కే కదా" అన్నాడు.

నాకు వెంటనే జవాబు రాలేదు. ఎందుకంటే వాడు అన్నదాంట్లో సగం నిజం. మిగతా సగం వాడిని జైలుకి పంపిస్తుంది. ఈ రోజు ఆ రెండు సగాల గురించే మాట్లాడతాను.

ముందు జైలు సగం. కెనడాలో 2018 అక్టోబరు 17 నుంచి ఇంటికి నాలుగు మొక్కల దాకా పెంచుకోవచ్చని చట్టం ఉంది. అక్కడ కూడా అన్ని రాష్ట్రాలూ ఒప్పుకోవు, అది వేరే సంగతి. జర్మనీలో 2024 ఏప్రిల్ 1 నుంచి పెద్దవాళ్లకి మూడు మొక్కలు. మన దగ్గర 1985 ఎన్‌డీపీఎస్ చట్టం. అందులో సెక్షన్ 8 చెప్పేది, ఏ గంజాయి మొక్కనీ పెంచకూడదని. 'ఏ మొక్కనీ' అంటే కుండీలోది, పెరట్లోది, కొండవాలులోది, అన్నీ. ఎకరమా, ఒక్కటా అని చట్టం తేడా చూడదు. సెక్షన్ 20 ప్రకారం పెంచితే పదేళ్ల దాకా కఠిన జైలు, లక్ష దాకా జరిమానా. నేను మిమ్మల్ని బెదిరించడానికి చెప్పట్లేదు. ఆ వీడియోలో ఈ సంగతి ఎవరూ చెప్పరు కాబట్టి చెప్తున్నాను.

ఇంకొకటి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే మనకి కోపం వస్తుంది. అదే చట్టం గంజాయి అంటే ఏమిటో చెప్పేటప్పుడు పూత, కాయ ఉన్న కొసల్ని లెక్కేసి, విడిగా ఉన్న ఆకుని వదిలేసింది. అందుకే ఉత్తరాదిలో, బనారస్‌లో, లైసెన్సు ఉన్న భంగు కొట్లు నడుస్తాయి. ఒకే మొక్క. అక్కడ పండగ పానీయం, ఇక్కడ మన కుర్రోడి చేతికి బేడీ. తమ్ముడి కోపం న్యాయమైందే. కానీ ఆ కోపాన్ని కోర్టులో చూపిస్తే బెయిలు రాదు.

మా మేనత్త కొడుకు, నాకు బావ, లోపలే ఉన్నాడు. అతను మొక్క పెంచలేదు. మోత మోశాడు. రాత్రి కొండ దాటించి రోడ్డు దగ్గర దింపితే కూలి ఇస్తామన్నారు. పొలం పనికి నాలుగైదు రోజులు వంగితే వచ్చే డబ్బు ఒక్క రాత్రికి. నలుగురు కుర్రాళ్లు, తలా ఒక మూట. ఎవరి మూట ఎంతో వాళ్లకీ తెలీదు. పట్టుకున్నాక నాలుగు మూటలూ కలిపి తూచారు. ఇరవై కేజీలు దాటింది. ఆ ఇరవై అనే అంకె మీరు గుర్తు పెట్టుకోవాలి. కేజీ లోపల అయితే ఏడాది దాకా శిక్ష. కేజీ నుంచి ఇరవై వరకు అయితే పదేళ్ల దాకా. ఇరవై దాటితే అది వ్యాపార పరిమాణం, పదేళ్ల కంటే తక్కువ శిక్ష వెయ్యడానికే వీల్లేదు, ఇరవై ఏళ్ల దాకా వెయ్యొచ్చు. బెయిలుకి సెక్షన్ 37 అడ్డం. ఇతను తప్పు చెయ్యలేదని నమ్మడానికి కారణం ఉంది అని జడ్జీకి అనిపిస్తే తప్ప బెయిలు లేదు. మామూలు కేసులో పోలీసులు 60, 90 రోజుల్లో చార్జిషీటు వెయ్యకపోతే బయటికి రావచ్చు. ఇందులో 180 రోజులు. దాన్ని ఏడాది దాకా పొడిగించుకోవచ్చు కూడా.

మూటకి డబ్బు పెట్టినవాడు ఎవరు? ఎఫ్ఐఆర్‌లో అతని పేరు పక్కన 'పరారీ' అని ఉంది. డబ్బు పెట్టినవాళ్ల కోసం చట్టంలో వేరే సెక్షనే ఉంది, 27ఎ. శిక్ష కూడా పదేళ్ల నుంచి ఇరవై ఏళ్లు. నేను గత రెండేళ్లలో మన ఊళ్ల కుర్రాళ్ల కాగితాలు చాలా చదివాను. మోసినోడు ఉంటాడు, బండి ముందు పైలెట్‌గా వెళ్లినోడు ఉంటాడు, పొలం ఉన్న ముసలాయన ఉంటాడు. 27ఎ కింద షావుకారు ఒక్కడు కూడా నాకు కనపడలేదు.

1970లో వచ్చిన ఒకటి బై డెబ్బై చట్టం ఉంది కదా, గిరిజనేతరుడు మన భూమి కొనకూడదని. బయటివాడు భూమి కొనలేడు. కానీ అడ్వాన్సు ఇచ్చి ఆ భూమిలో తన పంట పెట్టించుకున్నాడు. పట్టా మన పేరు మీదే ఉంది. అందుకే కేసూ మన పేరు మీదే పడింది. ఆ పట్టా చూపించి పోలీసులు మా ఊళ్లో ఒక తాతని అడిగారు, "ఈ భూమి నీదేనా?" ఆయన గర్వంగా "నాదే బాబూ" అన్నాడు. జీవితమంతా ఆ మాట అనడం కోసం కొట్లాడిన మనిషి.

2021 అక్టోబరు చివర నుంచి ఆపరేషన్ పరివర్తన అని వచ్చి వేల ఎకరాల్లో నరికేశారు. చాలా ఊళ్లలో మనవాళ్లే కత్తి పట్టుకుని తమ చేలో తామే నరికారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు 2 లక్షల కేజీలు తగలబెట్టారు. టీవీలో పొగ చూపించారు. ఆ తర్వాత ఏడు ఆ నరికిన చేలో ఏం వేశారు, విత్తనం ఎవరిచ్చారు, పండింది ఎవరు కొన్నారు అని అడగడానికి ఆ కెమెరాలు మళ్లీ మా ఊరికి రాలేదు. సాగు సరిహద్దు దాటి ఒడిశా వైపు ఎక్కువైంది. మోత మాత్రం మన దారుల్లోనే.

సరే. ఇప్పుడు రెండో సగం. తమ్ముడు అన్న నిజం ఉన్న సగం. ఇది మన అమ్మమ్మలు చేసే పనే.

మా అమ్మమ్మకి కువి తప్ప వేరే భాష సరిగా రాదు, సంతలో బేరానికి సరిపడా తెలుగు, ఒడియా. ఆమెకి మట్టి గురించి తెలిసింది నాకు బీఎస్సీలో మూడేళ్లు చదివినా రాలేదు. ఎండాకాలంలో పశువుల్ని రోజుకో చోట కట్టేది, పేడ, మూత్రం చేను అంతా పడేలా. ఆకు రాలిన తోటలో పై పొరని చీపురుతో కాదు, చేత్తో తీసేది. తెల్లగా బూజు పట్టిన దుంగ కింద మట్టి గంపలో ఎత్తి పసుపు మడిలో వేసేది. ఎందుకు అంటే వాసన చూడమనేది. కెనడా ఆయన బతికున్న మట్టి అంటున్నది అదే తమ్ముడూ. చోడి, కంది, వలిసె, సామ, చిక్కుడు ఒకే చేలో కలిపి వేసేది. ఒకటి పోతే ఒకటి ఉంటుందని. కంది వేరు మట్టికి బలం పెడుతుందని మా లెక్చరర్ చెప్పినప్పుడు నేను ఇంటికొచ్చి గొప్పగా చెప్తే, "మరేటి, ఊరికే ఏశాననుకున్నావేటిరా" అంది.

ఇప్పుడు ప్రకృతి వ్యవసాయం అని 2016 నుంచి మన రాష్ట్రంలో నేర్పిస్తున్నారు. మంచిదే. నేనూ శిక్షణకి వెళ్లాను. ద్రవ జీవామృతం ఎకరానికి: 200 లీటర్ల నీళ్లు, 10 కేజీల నాటావు పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కేజీల బెల్లం, 2 కేజీల పప్పుల పిండి, గట్టు మీది మట్టి ఒక గుప్పెడు. నీడలో రెండు రోజులు ఉంచాలి, పొద్దున సాయంత్రం కర్రతో ఒకే వైపు తిప్పాలి, వారంలోపు వాడెయ్యాలి. వీటిలో మన ఇంట్లో లేనిది బెల్లమే. అమ్మమ్మ అది చూసి, "పిల్లలకి పెట్టని బెల్లం మట్టికి పెడతారేటి" అని నవ్వింది. నవ్వినా ఆ ఏడు పసుపు మడికి పోసుకుంది. దుంప చూశాక మళ్లీ ఏమీ అనలేదు. ఎకరం లేనివాళ్లు పదో వంతు లెక్కన ఒక బిందెలో కలుపుకోండి. పెరట్లో నాలుగు మడులకి సరిపోతుంది.

మా ఊరి పైన గెడ్డ పక్కన ఒక చెక్క ఉంది. అక్కడ నాలుగేళ్లు గంజాయి వేశారు. షావుకారే విత్తనం తెచ్చాడు, షావుకారే మందు బస్తాలు తెచ్చాడు. తొందరగా పెరగాలి, ఆకుపచ్చగా ఉండాలి, వాడికి ఇంకేమీ అక్కర్లేదు. నరికేశాక ఆ చేలో చోడి వేస్తే మోకాలు ఎత్తు రాలేదు. గునపం దిగేది కాదు. వానపాము కనపడలేదు. మేము ఏడెనిమిది మంది కుర్రాళ్లం కలిసి తొలకరికి ముందే అందులో నవధాన్యాలు చల్లి, పూత రాగానే మట్టిలో కలిపేశాం. పేడ మోశాం. రెండో ఏడు చోడి నడుము దాకా వచ్చింది. పూర్తిగా బాగవలేదు. ఇంకా పడుతుంది.

ఇక విత్తనం. దీని గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఓపిక పట్టండి.

వీడియోలో ఆయన నోటుబుక్కు రాసుకుంటున్నాడని చెప్పాను కదా. మన ఆడవాళ్లకి ఆ నోటుబుక్కు కళ్లలో ఉంటుంది. చోడి కోతకి ముందు అమ్మమ్మ ఒక్కతే చేలోకి వెళ్లేది. గట్టు పక్క మొక్కల్ని ముట్టేది కాదు. అక్కడ వెలుతురు, చోటు ఎక్కువ, ఊరికే బలిసి కనపడతాయి, ఆ బలం విత్తనానిది కాదు. చేను మధ్యలో, అందరితో పోటీ పడి కూడా నిలబడి, పిడికిలి మూసినట్టు గట్టిగా ఉన్న వెన్నుల్ని మాత్రం కోసేది. పడిపోయిన మొక్కది వద్దు, తెగులు మచ్చ ఉన్నది వద్దు. అవి పొయ్యి మీద పొగ తగిలేలా వేలాడేవి. గింజ తీశాక బూడిద కలిపి ఆనప బుర్రలో. మొక్కల్ని ఎంచి రకాన్ని మెరుగు పరచడం అని మా పుస్తకంలో ఒక చాప్టరు ఉంది. ఆ చాప్టరంతా ఇదే.

చోడి పువ్వు దాదాపు తనలో తానే గింజ కడుతుంది. అందుకని పక్క చేలో వేరే రకం ఉన్నా పెద్దగా కలవదు. నలభై యాభై మంచి వెన్నులు తీస్తే మీ రకం మీ దగ్గర నిలుస్తుంది. వలిసె అలా కాదు. తేనెటీగ తిరిగితేనే గింజ. ఒక మొక్క పువ్వుకి ఇంకో మొక్క పుప్పొడి కావాలి. కాబట్టి ఒకటి రెండు మొక్కల నుంచి తీసిన విత్తనం పనికిరాదు. చేనంతటి నుంచి, వీలైనన్ని మొక్కల నుంచి తియ్యాలి. పక్క ఊరి వలిసె కూడా మీ దాంట్లో కలుస్తుంది, అది తప్పదు. రాజ్మాకి తనలో తానే కట్టే గుణం ఎక్కువ, కానీ విత్తనంతో తెగులు వచ్చేస్తుంది. మచ్చ ఉన్న కాయని ఎంత లావుగా ఉన్నా విత్తనానికి వదలొద్దు. వేసే ముందు వంద గింజలు తడిగుడ్డలో చుట్టి పెట్టండి. వారంలో ఎన్ని మొలిచాయో లెక్కపెట్టండి. డెబ్బై కంటే తక్కువ వస్తే వేరే ఇంటి విత్తనం అడగండి. అడగడానికి సిగ్గు పడొద్దు. మా ఊళ్లో ఇటుకల పండగకి ఇంటింటి విత్తనం తెచ్చి ఒకచోట పెడతారు కదా, అది అడగడమే, ఇవ్వడమే.

గంజాయి మొక్కలో ఆడది వేరు, మగది వేరు. గాలికి పుప్పొడి ఎగురుతుంది. వ్యాపారికి ఎక్కువ ధర పలికేది గింజ పట్టని ఆడ పువ్వు. అంటే గింజ కడితే ధర పడిపోయే పంట. నాకు ఇది తెలిసినప్పుడు చాలాసేపు వేరే ఏమీ ఆలోచించలేకపోయాను. మనకి కొర్రకొత్త ఉంది, సామకొత్త ఉంది, చిక్కుడుకొత్త ఉంది. గింజ దేవుడికి పెట్టకుండా నోట్లో పెట్టుకోం. అలాంటి మనం నాలుగేళ్లు గింజ కట్టకూడని పంటకి కాపలా కాశాం. ఆ నాలుగేళ్లలో మా ఊళ్లో రెండు రకాల సామ పోయింది. వేసేవాళ్లు లేక, బుర్రలో ఉన్నది మొలక పోయి. అమ్మమ్మ వాటి పేర్లు చెప్తుంది. గింజ లేదు.

చట్టం మీద కోపంగా ఉన్నాం కాబట్టి మనకి పనికొచ్చే చట్టం కూడా చెప్తాను. 2001లో మొక్కల రకాల రక్షణ, రైతు హక్కుల చట్టం వచ్చింది. సెక్షన్ 39. రైతు తన చేలో పండిన విత్తనాన్ని దాచుకోవచ్చు, మళ్లీ వేసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు. కంపెనీ బ్రాండు పేరు వేసి అమ్మకూడదు, అంతే. మన రకాన్ని రైతు రకంగా మన పేరు మీద, ఊరి పేరు మీద రిజిస్టరు చేయించుకోవచ్చు. రైతుకి ఫీజు లేదు. ఆ నోటుబుక్కు మనమూ రాద్దాం తమ్ముడూ. మీ అమ్మమ్మ చెప్పింది నువ్వు రాయి. రకం పేరు, ఎన్ని రోజులు, ఎంత ఎత్తు, ఏ నేల, ఎవరి ఇంట్లో ఉంది.

ఇక్కడ ఒక అక్క చెయ్యెత్తి అడిగింది. "చోడి వేస్తే గంజాయి డబ్బు వస్తుందా?" అని.

రాదక్కా. అబద్ధం చెప్పను. 2025-26కి చోడి మద్దతు ధర క్వింటాకి 4,886 రూపాయలు, వలిసెకి 9,537. ఆ ధరకి మన సంతలో తూచి కొనేవాడు ఎవడున్నాడు? మేము అమ్మినప్పుడు దానికంటే తక్కువే ఇచ్చారు. తూకం సంగతి చెప్పక్కర్లేదు. కాఫీ, మిరియం ఉన్నవాళ్లు కాస్త నయం. అరకు కాఫీకి 2019లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. కానీ కాఫీ మొక్క కాపుకి రావడానికి మూడు నాలుగేళ్లు. ఆ నాలుగేళ్లు ఏం తినాలి? గంజాయి మానండి అని పోస్టర్ అంటించేవాళ్లని మనం అడగాల్సింది ఇదే. మద్దతు ధరకి ఊళ్లోనే కొనుగోలు, జీసీసీ తూకం మన కళ్లముందు, కాపు వచ్చేదాకా ఉపాధి పని. ఇవి దయ కాదు. నరికేసిన ప్రతి ఎకరానికి బాకీ.

లోపల ఉన్నవాళ్ల గురించి కూడా రెండు మాటలు. ఎస్టీ అయితే చాలు, ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరుకి హక్కు ఉంది. 1987 చట్టం, సెక్షన్ 12. ఫోన్ 15100. ఒంటి మీద సోదా చేసేటప్పుడు గెజిటెడ్ అధికారి దగ్గరికో మెజిస్ట్రేటు దగ్గరికో తీసుకెళ్లమని అడిగే హక్కు సెక్షన్ 50 ఇస్తుంది. అడిగారా లేదా అన్నది తర్వాత కేసులో ముఖ్యం అవుతుంది. పద్దెనిమిది నిండని పిల్లాడిని పెద్దవాళ్లతో కలిపి రిమాండుకి పంపకూడదు. వయసుకి ముందు చూసేది స్కూలు సర్టిఫికెట్. అది ఇంట్లో లేకపోతే మర్నాడే ఆశ్రమ పాఠశాలకి వెళ్లి తెచ్చుకోండి, కుర్రాడు పొడుగ్గా ఉన్నాడని పందొమ్మిది రాసేస్తారు.

ఇంకా బాధ ఏమిటంటే, బెయిలు వచ్చినా బయటికి రాలేనివాళ్లు. మా బావతో పట్టుబడ్డ ఒక కుర్రాడికి బెయిలు వచ్చింది. జామీనుకి పట్టా అడిగారు. వాళ్ల నాన్నకి ఉన్నది అటవీ హక్కు పట్టా. అమ్మడానికి వీల్లేని భూమి, జామీనుకి చెల్లదన్నారు. మన భూమి పోకుండా కాపాడే మాటే మన పిల్లాడిని లోపల ఉంచింది. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు చెప్పింది, బెయిలు వచ్చి నెలలోపు జామీను పెట్టలేకపోతే కోర్టు తనంతట తానే ఆ షరతులు మార్చే విషయం చూడొచ్చని, స్థానిక జామీనే కావాలని పట్టుబట్టొద్దని. ఆ కాగితం మా దగ్గర తెలుగులో ఉంది. లాయరుకి ఇవ్వండి.

మా అత్త నెలకోసారి ములాఖత్‌కి వెళ్తుంది. పోయినసారి ఒక చిన్న మూటలో చోడి గింజలు పట్టుకెళ్లింది. లోపలికి పంపరని తెలుసు. "ఈసారి ఏ రకం ఏశామో ఆడికి చూపిద్దామని" అంది. గేటు దగ్గర వెనక్కి ఇచ్చేశారు. అవి తెచ్చి వేసింది. మొలిచాయి.

తమ్ముడు ఇక్కడే ఉన్నాడు, మూడో వరసలో. వీడియో చూడటం మానలేదు, నాకు తెలుసు. చూడు. ఆ మట్టి కలిపే పద్ధతి నేర్చుకో, మన చోడికి, పసుపుకి, అల్లానికి పనికొస్తుంది. మొక్క మాత్రం వద్దు, ఒక్కటి కూడా.

వచ్చే సంత రోజు మధ్యాహ్నం చింతచెట్టు కింద కూచుంటాం. రెండు తెచ్చుకోండి. మీ ఇంట్లో ఉన్న విత్తనం ఏదైనా ఒక గుప్పెడు, రకం పేరు రాసిన కాగితంతో. మీ ఇంట్లోవాళ్లు లోపల ఉంటే ఎఫ్ఐఆర్ కాపీ, రిమాండు తేదీ. ఎఫ్ఐఆర్ లేకపోతే క్రైం నంబరు చాలు, మేం ఆన్‌లైన్లో తీస్తాం. చదవడం రాని పెద్దవాళ్లు ఉంటే వాళ్లని ఒంటరిగా పంపకండి, మీరూ రండి.

జోహార్.